దూడలో తల్లి ముద్ర, తండ్రి ముద్ర
ఆచార్య అజీమ్ సురానీ పరిశోధనలు – డెల్టా పాడి రైతుకు వాటి ప్రయోజనము

పాడి రైతులు నలుగురు కలసిన చోట తరచుగా రెండు మాటలు వినవచ్చును. ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అన్నది మొదటి మాట. మంచి ముర్రా దున్న వీర్యముతో సూది వేయించినాము, ఇక దూడను గురించి చింత లేదని ఈ మాట అనేవారి ధీమా. ‘తల్లి చాలు పిల్లకు తప్పదు’ అన్నది రెండవ మాట. గేదె మంచిదైతే చాలును, దున్న ఏదైనా ఒకటేనని వీరి వాదము.

ఈ రెండు మాటలలో ఏ ఒక్కదానిని పట్టుకొని నడచినా రైతుకు నష్టమే. మొదటి మాట నమ్మిన రైతు దున్న ఎంపికకు ఎంతో శ్రద్ధ చూపి, ఆ పైన చూడి గేదెకు పది నెలల పాటు ఒట్టి వరిగడ్డి వేసి ఊరుకొనును. రెండవ మాట నమ్మిన రైతు ఊరి మీద తిరిగే ఏదో ఒక దున్నపోతుతో కట్టించి, పుట్టిన పెయ్యను ఏళ్ల తరబడి పెంచి, తీరా అది ఈనిన తరువాత చెంబులోని పాలు చూసి నిట్టూర్చును. పెయ్య పుట్టినది మొదలు పాలకు వచ్చు వరకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును. అన్నాళ్ల మేత, అన్నాళ్ల చాకిరీ తప్పుడు లెక్క మీద ఆధారపడరాదు.

దూడకు తల్లి నుండి ఏమి వచ్చును? తండ్రి నుండి ఏమి వచ్చును? కడుపులో ఉండగా తల్లి తిన్న మేత నుండి ఏమి వచ్చును? వీటిని వేరుచేసి చూపిన శాస్త్రజ్ఞులలో ఆచార్య అజీమ్ సురానీ ముఖ్యులు. ఆయన పరిశోధనలు ఎక్కువగా చిట్టెలుకల మీద జరిగినవి. అయినను ఆ పనికి పునాది పడినది ఒక వ్యవసాయ పరిశోధనా సంస్థలో. ఆ పనిలో తేలిన సత్యము ఎలుకకు, గొర్రెకు, ఆవుకు, మనిషికి సమానముగా వర్తించును. కావున మన కృష్ణా డెల్టా రైతు సోదరులు దానిని తెలిసికొనుట మంచిది.

కాలువ నీరు, తూము తలుపు

ముందుగా జన్యువు అనగా ఏమో చూతము. ప్రతి ప్రాణి శరీరము కోట్లకొలది కణములతో కట్టబడినది. ఒక్కొక్క కణము నడుమ డి.ఎన్.ఏ. అనే సన్నని పోగులు ఉన్నవి. శరీరమును ఎట్లు కట్టవలెను, ఎట్లు నడపవలెను అనే వివరములు ఆ పోగులలో వ్రాసి ఉన్నవి. ఒక్కొక్క వివరమును ఒక జన్యువు అందురు. పాలిచ్చు జంతువులలో ఇటువంటివి ఇంచుమించు ఇరువది వేలు కలవు. ప్రతి జన్యువుకు రెండు ప్రతులు ఉండును. ఒక ప్రతి తల్లి నుండి, ఇంకొక ప్రతి తండ్రి నుండి దూడకు వచ్చును.

కాని జన్యువు ఉన్నంత మాత్రమున అది పనిచేయదు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి నుండి వచ్చు కాలువ నీరు అందరి చేల పక్కగానే పారును. తూము తలుపు ఎత్తిన చేనికే నీరు ఎక్కును, మూసిన చేను ఎండియే ఉండును. కాలువ ఒకటే, చేను ఒకటే, తేడా తలుపులో ఉన్నది. జన్యువులకు కూడ ఇటువంటి తలుపులు కలవు. గిట్టలోని కణమునకు, పొదుగులోని కణమునకు జన్యువులు ఒకటే. అయినను పొదుగులో పాలకు సంబంధించిన తలుపులు తెరచి ఉండును, గిట్టలో అవి మూసి ఉండును. జన్యువు మారకుండ దాని తలుపును మాత్రము తెరచుట, మూయుట అనే విషయమును గురించిన శాస్త్రమే ఎపిజెనెటిక్స్. సురానీగారి జీవితమంతయు ఈ శాస్త్రముతో పెనవేసుకొని ఉన్నది.

కిసుము నుండి కేంబ్రిడ్జికి

సురానీ 1945లో తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశమున, విక్టోరియా సరస్సు ఒడ్డునగల కిసుము పట్టణములో జన్మించినారు. ఆయన భారత సంతతివారు. బ్రిటనులో పై చదువులు చదివి, 1975లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము పొందినారు.

అక్కడ ఆయనకు గురువు రాబర్ట్ ఎడ్వర్డ్స్. ఈ ఎడ్వర్డ్స్ కూడ మన వృత్తికి దూరపు మనిషి కారు. తొలుత వేల్సులోని బ్యాంగర్ కళాశాలలో వ్యవసాయ శాస్త్ర విద్యార్థిగా చేరి, పిమ్మట జంతు శాస్త్రమునకు మారినారు. శరీరము వెలుపల గాజు పాత్రలో మానవ అండమును ఫలింపజేసి, 1978లో మొట్టమొదటి ‘పరీక్షనాళిక శిశువు’ పుట్టుటకు కారకులైనవారిలో ఆయన ఒకరు. అందుకు 2010లో నోబెల్ బహుమతి లభించినది. అండము మొదటి కొన్ని దినములలో ఎట్లు పెరుగును అన్న ప్రశ్న ఈ గురువు వద్దనే సురానీకి అబ్బినది.

1979లో సురానీ బ్రిటన్ వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన జంతు శరీరధర్మ శాస్త్ర సంస్థలో, కేంబ్రిడ్జి వద్ద, పరిశోధకులుగా చేరినారు. పాడి పశువులు, గొర్రెలు, పందులు ఎట్లు చూలుకట్టును, ఎందుకు కట్టవు, పిండము ఎట్లు నిలుచును అనునవి అటువంటి సంస్థ పట్టించుకొను విషయములు. పశువుల మీద పనిచేయు సంస్థలో చిట్టెలుకకు కూడ చోటు ఇచ్చినారు. ఎలుక మూడు వారములలో ఈనును. గేదెతో ఒక్క పరీక్ష చేయు కాలములో ఎలుకలతో పదిహేను పరీక్షలు చేయవచ్చును.

పోతు లేకుండ ఏల ఈనదు?

మినుము చేలో పేనుబంక ఎంత వేగముగా వ్యాపించునో రైతులకు వేరే చెప్పనక్కర లేదు. అందుకు ఒక కారణమున్నది. పేనుబంకలో ఆడ పురుగు మగ పురుగుతో కలియకుండగనే పిల్లలను పెట్టును. ఆ పిల్లలు కూడ ఆడవే, అవి మరల పిల్లలను పెట్టును. టర్కీ కోళ్లలో కూడ, పుంజుతో కలియని పెట్టలు పెట్టిన గుడ్లలో కొన్నిటిలో పిండము పెరుగుటను 1950 దశాబ్దములో అమెరికా వ్యవసాయ శాఖవారి బెల్ట్స్‌విల్ కేంద్రములో గమనించినారు.

కాని పోతు లేకుండ ఈనిన గేదెను గాని, మేకను గాని, ఎలుకను గాని ఎవరూ చూడలేదు. ఎందుచేత? తల్లి వద్ద కూడ అన్ని జన్యువులు ఉన్నవి కదా! తల్లి జన్యువులనే రెండు ప్రతులుగా పెట్టినచో పిల్ల ఏల పుట్టరాదు? ఈ ప్రశ్నకు సురానీ, ఆయన సహచరులు షీలా బార్టన్, మైకేల్ నారిస్ కలసి పరీక్ష పెట్టినారు.

ఎలుక అండము మిల్లీమీటరులో పదవ వంతు మాత్రమే ఉండును. శుక్రకణము లోపలికి ప్రవేశించిన పిమ్మట కొన్ని గంటల పాటు తల్లి జన్యువుల మూట ఒకటి, తండ్రి జన్యువుల మూట ఒకటి అండములో వేరువేరుగా కనబడును. వెంట్రుక కంటె సన్నని గాజు గొట్టముతో సూక్ష్మదర్శిని క్రింద ఒక మూటను తీసి, వేరొక అండములో పెట్టవచ్చును. చేయి కొంచెము వణకినను అండము చెడును. ఈ నేర్పుతో వారు రెండు రకముల అండములను తయారుచేసినారు. తల్లి మూట ఒకటి ఉన్న అండమునకు తండ్రి మూటను చేర్చినది మొదటి రకము. అదే విధమైన అండమునకు మరియొక తల్లి మూటను చేర్చినది రెండవ రకము. జన్యువుల లెక్క చూచినచో రెండింటిలోను రెండేసి ప్రతులు సరిగా ఉన్నవి.

మొదటి రకము అండముల నుండి ఎలుక పిల్లలు పుట్టినవి. రెండవ రకములో ఒక్కటి కూడ పుట్టలేదు. పిండము కొంత వరకు పెరిగినది గాని దానిని పోషించవలసిన మాయ సరిగా పెరగలేదు. కాన్పు కాలములో సగము గడచునప్పటికి పిండములు చనిపోయినవి. పిమ్మట, తల్లి మూట లేకుండ రెండు తండ్రి మూటలు పెట్టి చూచినారు. అప్పుడు ఇందుకు తలక్రిందులుగా జరిగినది. మాయకు సంబంధించిన పొరలు పెరిగినవి, పిండము మాత్రము కుంటుపడినది.

ఈ ఫలితము 1984లో ప్రకటింపబడినది. అదే సంవత్సరము అమెరికాలో ఫిలడెల్ఫియా నగరములోని విస్టార్ సంస్థలో జేమ్స్ మెక్‌గ్రాత్, డేవర్ సోల్టర్ అనువారు విడిగా పనిచేసి ఇదే నిర్ణయమునకు వచ్చినారు. సముద్రమునకు ఆవలి ఒడ్డున ఒకరు, ఈవలి ఒడ్డున ఒకరు, వేరువేరుగా చూచి ఒకే మాట చెప్పుటచే శాస్త్రలోకము దానిని త్రోసివేయజాలక పోయినది.

ఆ మాట ఏమనగా: తల్లి ఇచ్చిన ప్రతి, తండ్రి ఇచ్చిన ప్రతి అక్షరము అక్షరము ఒకటే అయినప్పటికీ, ఏది ఎవరు ఇచ్చినదో తెలియజేయు ముద్ర వాటి మీద ఉన్నది. కొన్ని జన్యువులు తల్లి ముద్రతో వచ్చినప్పుడే పనిచేయును. మరికొన్ని తండ్రి ముద్రతో వచ్చినప్పుడే పనిచేయును. రెండు ముద్రలు ఉన్నప్పుడే పిండము నిలిచి, మాయ కట్టి, కాన్పు సవ్యముగా జరుగును. తల్లిదండ్రులలో ఏ ఒక్కరూ ఇంకొకరికి బదులు కాజాలరు.

ముద్ర ఎక్కడ ఉన్నది?

1987లో సురానీ, వుల్ఫ్ రైక్ మొదలగువారు ఈ ముద్ర ఎట్టిదో చూపు ఆధారములను ప్రకటించినారు. డి.ఎన్.ఏ. పోగు మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అతుకుకొని ఉండును. ఒక కార్బన్ పరమాణువు, మూడు హైడ్రోజన్ పరమాణువులు కలసినదే ఈ గుంపు. జన్యువు మొదట ఇది అతికినచో సాధారణముగా ఆ తూము మూతపడును. ఒకే జన్యువు తల్లి వైపు నుండి వచ్చినప్పుడు ఒక విధముగాను, తండ్రి వైపు నుండి వచ్చినప్పుడు వేరొక విధముగాను ఈ గుర్తులు ఉండుట కనబడినది.

ముద్రపడిన జన్యువుల పేర్లు 1991 నుండి బయటపడసాగినవి. ఎలుకలు, మనుషులు మొదలగు వాటిలో ఇటువంటివి వందకు తక్కువ కాకుండ ఉన్నట్లు నేడు తెలియును. వాటిలో ముఖ్యమైనది పిండము ఎదుగుదలకు తోడ్పడు ఐ.జి.ఎఫ్.2 అనే జన్యువు. కడుపులోని పిల్లలో తండ్రి ఇచ్చిన ప్రతియే పనిచేయును, తల్లి ఇచ్చిన ప్రతి మూతపడి ఉండును. ఆ జన్యువు చెడిన ప్రతి తండ్రి నుండి వచ్చిన ఎలుక పిల్ల, మామూలు పిల్ల తూకములో ఇంచుమించు అరవై శాతము మాత్రమే తూగినది. అదే చెడిన ప్రతి తల్లి నుండి వచ్చిన పిల్ల మామూలుగానే పుట్టినది.

ఇది ఎలుకల ముచ్చటయే అని కొట్టివేయరాదు. పందులలో ఇదే జన్యువు దగ్గర గల ఒక చిన్న మార్పు కండను పెంచునని 2003లో తేలినది. ఆ మార్పు తండ్రి నుండి వచ్చినచో కండ పెరుగును, తల్లి నుండి వచ్చినచో ప్రయోజనము కనబడదు. 1983లో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రములో తొడలు, పిరుదులు బాగా బలిసిన పొట్టేలు ఒకటి పుట్టినది. దాని సంతతిని పరిశీలింపగా, ఆ లక్షణము తండ్రి వైపు నుండి మాత్రమే వచ్చి, తల్లి వైపు ప్రతి మామూలుగా ఉన్న పిల్లలలోనే కనబడునని తెలిసినది. మాంసము ఎక్కువైనను అది గట్టిగా ఉండుటచే కొనువారికి నచ్చలేదు. పైకి కనబడు ఒక్క లక్షణమును చూచి పశువును మెచ్చుకొనరాదని ఈ గొర్రెలు కూడ మనకు నేర్పుచున్నవి.

మగ గాడిదకు, ఆడ గుర్రమునకు పుట్టునది కంచరగాడిద. ఆడ గాడిదకు, మగ గుర్రమునకు కూడ పిల్ల పుట్టును గాని, అది కంచరగాడిద వలె ఉండదు. రెండింటిలోను గుర్రము సగము, గాడిద సగమే. ఏ సగము ఎవరి నుండి వచ్చినదో అన్నదానిని బట్టి తేడా వచ్చును. పెంపకందారులు ఎన్నో తరములుగా చూచుచున్న ఈ తేడాకు గల కారణములలో తల్లి తండ్రి ముద్రలు ఒకటని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఏటేటా క్రొత్తగా వ్రాయు అడంగలు

ఇక్కడ తెలివిగల పాఠకునికి ఒక సందేహము కలుగవచ్చును. ఒక దున్నదూడకు తల్లి నుండి వచ్చిన జన్యువుల మీద తల్లి ముద్ర ఉన్నది. ఆ దూడ పెరిగి దున్నపోతై తన పిల్లకు అవే జన్యువులను ఇచ్చునప్పుడు అది తండ్రి కదా! మరి ఆ తల్లి ముద్ర ఏమి కావలెను?

గ్రామాధికారులకు దీనిని విడమరచి చెప్పనక్కర లేదు. భూమి సర్వే నంబరు, విస్తీర్ణము పెద్ద రిజిస్టరులో స్థిరముగా ఉండును. అడంగలు మాత్రము ప్రతి ఫసలీకి క్రొత్తగా వ్రాయవలెను. ఈ ఏడు ఎవరు సాగుచేసినారు, ఏ పైరు వేసినారు అన్నది నిరుటి అడంగలు నుండి అట్లే ఎత్తి వ్రాసినచో అది తప్పు లెక్క అగును. జన్యువులు సర్వే నంబరు వంటివి. ముద్రలు అడంగలు వంటివి. ప్రతి తరములోను పాతవి చెరిపివేసి క్రొత్తవి వ్రాయవలసి ఉండును.

ఈ చెరుపుట ఎప్పుడు, ఎట్లు జరుగును అన్నది సురానీగారి జీవితములోని రెండవ పెద్ద పని. 1991లో ఆయన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో ఆచార్యులై, నేడు గర్డన్ ఇన్‌స్టిట్యూట్ అని పిలువబడు సంస్థలో పరిశోధన సాగించినారు. తల్లి కడుపులో పిండము ఇంకను అతి చిన్నదిగా ఉండగనే, ముందు తరమునకు అండములుగా గాని శుక్రకణములుగా గాని మారవలసిన కొద్ది కణములు ప్రక్కకు తీసి ఉంచబడును. ఎలుక పిండములో ఏడవ రోజు దాటునప్పటికి ఇవి నలభై మాత్రమే. విత్తనపు వడ్లను తిండి గింజల నుండి వేరుచేసి గాదెలో దాచినట్లు ప్రకృతి వీటిని వేరుచేయును. ఏ జన్యువుల వలన ఈ వేరుపాటు జరుగునో సురానీ బృందమువారు 2002 నుండి వరుసగా కనుగొన్నారు. ఆ కణములలోనే పాత ముద్రలు, మిథైల్ గుర్తులు తుడిచిపెట్టబడును. ఆ పిమ్మట ఆడదానిలో తల్లి ముద్రలు, మగదానిలో తండ్రి ముద్రలు క్రొత్తగా పడును. మానవ పిండ కణములలో కూడ ఇట్లే జరుగునని వీరు 2015లో చూపినారు.

తుడుపు నూటికి నూరు పాళ్లు కాదు. కొద్ది చోట్ల గుర్తులు మిగిలిపోవుటను కూడ ఆ బృందమే గుర్తించినది. అయినను మొత్తము మీద తుడుపు చాల గట్టిది. ఈ సంగతిని రైతు బాగా జ్ఞాపకముంచుకొనవలెను. కారణము ముందు చెప్పెదము.

సురానీగారికి 1990లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 2010లో ఆ సొసైటీవారి రాయల్ పతకము లభించినవి. 2018లో కెనడా దేశపు గెయిర్డ్‌నర్ బహుమతిని ఆయనకు, డేవర్ సోల్టర్‌కు కలిపి ఇచ్చినారు. 2025లో జపానువారి క్యోటో బహుమతి లభించినది. మొదటి పరీక్షకు, ఈ బహుమతికి నడుమ నలభై సంవత్సరములు గడచినవి. ఎలుక అండము మీద చేసిన పని ఎవరికి ఉపయోగమని 1984లో అడిగినచో సమాధానము చెప్పుట కష్టమై ఉండును. నేడు కొన్ని పుట్టుక జబ్బులను గుర్తించుటకు, గాజు పాత్రలో పెంచిన పశు పిండములను కనిపెట్టి ఉండుటకు ఆ జ్ఞానమే ఆధారము. పాత్రలో పెంచిన పిండముల నుండి కొన్నిసార్లు అతిగా పెద్దవైన దూడలు, గొర్రె పిల్లలు పుట్టి కాన్పు కష్టమగుచుండెను. గొర్రెలలో ఇందుకు ముద్రపడిన ఒక జన్యువు గుర్తులు చెదరుట ఒక కారణమని 2001లో తేలినది.

మేతకు, జాతికి నడుమ హద్దు

ఇక మన పాక దగ్గరకు వత్తము. ఈ శాస్త్రము పేరు చెప్పి రెండు రకముల పొరపాటు మాటలు ప్రచారములోనికి రావచ్చును.

మొదటిది, ‘మేతతో జాతినే మార్చవచ్చును’ అనునది. ఫలానా పొడి, ఫలానా మందు పెట్టినచో తరతరములకు పాలు పెరుగునని ఎవరైనా చెప్పినచో నమ్మవద్దు. తల్లి మేత వలన దూడ మీద పడిన గుర్తులు ఆ తరువాతి తరమునకు పోవు ముందు చాల వరకు తుడిచివేయబడును. అట్టి మాట మీద పాడి రైతు డబ్బు పెట్టదగిన ఆధారము లేదు. మన ఒంగోలు పశువులు సముద్రము దాటి బ్రెజిల్ పోయి, అక్కడ నెల్లూరు పేరు మీద నెలోర్ జాతిగా వర్ధిల్లినవి. నేల మారినది, గడ్డి మారినది. అయినను మూపురము, తెల్లని మేని వన్నె, ఎండకు ఓర్చు గుణము నిలిచియే ఉన్నవి. జాతి జన్యువులలో ఉన్నది. దానిని మార్చునది దున్న, గేదెల ఎంపికయే.

రెండవది, ‘జాతి మంచిదైతే మేత ఎట్లున్నను సరే’ అనునది. ఇది అంతకంటె నష్టకరమైన మాట. తుడుపు జరుగునది తరమునకు, తరమునకు నడుమ. కడుపులోని దూడ మీద పడిన దెబ్బ ఆ దూడ బ్రతికినంత కాలము ఉండవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944–45 చలికాలములో హాలెండు పశ్చిమ భాగమున ఘోరమైన తిండి కరువు వచ్చినది. ఆ కరువులో తల్లి కడుపున పడినవారిని అరవై ఏళ్ల తరువాత పరీక్షింపగా, పైన చెప్పిన ఐ.జి.ఎఫ్.2 జన్యువు మీది మిథైల్ గుర్తులు, కరువునకు గురికాని వారి తోబుట్టువులలో కంటె తక్కువగా ఉన్నట్లు 2008లో ప్రకటించినారు. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లము, బి12 విటమిను మొదలగునవి మేతలో కలిపి పెట్టగా, పుట్టిన పిల్లల వెంట్రుకల రంగే పసుపు నుండి గోధుమ వన్నెకు మొగ్గినది. జన్యువు మారలేదు, దాని మీది గుర్తు మారినది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో తల్లి ఎలుకల మేతలో మెగ్నీషియము వంటి ఖనిజములను తగ్గించి చూచినారు. ఆ పిల్లలలో కొవ్వు పెరుగుట, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవుట కనబడినది.

మరియొక సంగతి. చూడి గేదె కడుపులో ఉన్నది పెయ్య అయినచో, ఆ పెయ్య ముందు ముందు ఈనబోవు దూడలకు కావలసిన అండములు కూడ అది పుట్టక ముందే ఏర్పడసాగును. ఒక గేదెకు వేసిన మేత మూడు తరముల శరీరములను ఒకేసారి తాకుచున్నదన్నమాట.

చూడి గేదెకు చేయవలసినవి

గేదె చూలు మోయు కాలము సుమారు 310 దినములు, ఆవుకు సుమారు 280 దినములు. పుట్టునాటి దూడ తూకములో పెద్ద భాగము చివరి మూడు నెలలలోనే పెరుగును. డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు గాని, దానిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. భాస్వరము తక్కువ. ఉన్న సున్నమును కూడ శరీరమునకు పట్టనీయని ఆక్సలేటులు దానిలో ఉన్నవి. కావున ఒట్టి వరిగడ్డి చూడి గేదె పొట్ట నింపును గాని దూడను కట్టదు. ఈ క్రింది పనులు చేయవలెను.

1. వరి కోతకు ముందు చేలో పిల్లిపెసర గాని జనుము గాని చల్లి, పచ్చిమేతగా వాడవలెను. ఎండబెట్టి దాచినచో వేసవిలో కూడ పనికివచ్చును.

2. ఈనుటకు రెండు నెలల ముందు పాలు పితుకుట ఆపవలెను. ఆ రెండు నెలలు మామూలు మేతకు తోడు దినమునకు ఒకటిన్నర నుండి రెండు కిలోల దాణా ఇవ్వవలెను. తవుడు, తెలగపిండి, నూకలు కలిపిన దాణా మంచిది.

3. దినమునకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమమును దాణాలో కలుపవలెను. దీని వెల స్వల్పము.

4. పచ్చిమేత దొరకనప్పుడు, 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుండి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండ కప్పి మూడు వారములు మాగనిచ్చి, పిమ్మట ఆరబెట్టి మేపవచ్చును. యూరియాను నేరుగా ఎప్పుడును పెట్టరాదు, అది ప్రాణాంతకము. ఆరు నెలలు నిండని దూడలకు ఈ మాగిన గడ్డి వేయరాదు.

5. దూడ పుట్టిన గంటలోపల జున్నుపాలు త్రాగించవలెను. మాయ పడు వరకు ఆగవద్దు.

గ్రామాధికారులకు ఒక మాట

ఒకే జన్యువు తల్లి నుండి వచ్చినప్పుడు ఒక ఫలితమును, తండ్రి నుండి వచ్చినప్పుడు వేరొక ఫలితమును ఇయ్యవచ్చునని చూచితిమి. కావున దూడకు తండ్రి పేరు మాత్రమే గాక తల్లి వివరము కూడ వ్రాసి ఉంచుట అవసరము. వీర్యపు గొట్టము మీద దున్న సంఖ్య ముద్రించి ఉండును. సూది వేయునప్పుడు ఆ సంఖ్యను, గేదె చెవి పోగు మీది 12 అంకెలను, తేదీని కలిపి వ్రాయవలెను. ఈనిన నాడు దూడ ఆడదో మగదో, తూకమెంతో ఆ వరుసలోనే చేర్చవలెను. ఒకే దున్న పిల్లలను మరల ఆ దున్నతోనే కట్టించు పొరపాటు కూడ ఈ లెక్క వలన తప్పును. గ్రామములోని పశుసంవర్ధక సహాయకులు, పశువుల ఆస్పత్రి వైద్యులు ఈ విషయములో తోడ్పడుదురు. గన్నవరములోని పశువైద్య కళాశాలవారి సలహాను కూడ పొందవచ్చును.

రైతు సోదరులారా! ‘విత్తొకటి’ అన్న మాటలోను నిజమున్నది, ‘తల్లి చాలు’ అన్న మాటలోను నిజమున్నది. ఒకదానితో ఇంకొకదానిని కొట్టివేయుటలోనే పొరపాటు ఉన్నది. మంచి దున్నను ఎన్నుకొనుడు, మంచి గేదెను నిలుపుకొనుడు. ఈ రెండును రాబోవు తరములకు వేసిన పునాది. చూడి గేదె గాటిలో ఈ రోజు వేయు పచ్చిగడ్డి మాత్రము రాబోవు దూడ కోసము. అది రేపటికి వాయిదా వేయదగినది కాదు.